శుభకార్యాలకు మాత్రమే

నేను ఐదో తరగతి దాకానే చదివాను. ఎవరికీ ఉత్తరం కూడా రాసి ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు కాయితాలు చించేశాను. మా అత్త మంచం దగ్గర మొదలుపెడితే దారి తప్పకుండా ఉంటుందేమో.

మాది పొదిలి వైపు పల్లె. బోరు ఎండిపోయింది, ఆ తర్వాత రెండు వానలకి ఇల్లు కూడా కూలిపోయింది. మిరప కోతలకని ఈ ఊరు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మా ఆయన మార్టూరులో రాళ్ళకి పాలిష్ పట్టే పనికి పోతాడు. నేను కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో ఎండు మిరపకాయలకి తొడిమలు తీస్తాను. అద్దె ఇల్లు. కింద వరసగా మూడు పోర్షన్లు, మేడ మీద ఇంటివాళ్ళు. మాది చివరి పోర్షను. ఒక గది, దాని వెనక వంటకి కాస్త చోటు. తలుపు తీస్తే రోడ్డే.

నడుము పడిపోయినప్పటి నుంచి అత్త మంచంలోనే ఉండేది. మంచం తలుపుకి ఎదురుగా వేశాం, కాస్త కాలక్షేపం అవుతుందని. రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ ఆమెకి తెలుసు. కూరగాయల బండివాడిని పిలిచి, "ఏరా, నీ వంకాయలు నాకంటే ముసలియి అయిపోయినాయి గదరా" అనేది. వాడు నవ్వి రెండు పచ్చిమిరపకాయలు మంచం మీద పడేసి పోయేవాడు.

ఒకరోజు పొద్దున పక్క పోర్షనులో ఉండే ఆమె తండ్రి చనిపోయాడు. మాలాగే అద్దెకి ఉన్నవాళ్ళు. మా వైపు అద్దె ఇళ్ళల్లో ఎవరైనా పోతే శవాన్ని లోపల ఉంచనివ్వరు. పోయిన గడియలో నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలంటారు. ఇంటివాళ్ళు ఆ భయంతో ఉంటారు. అందుకని పెద్దాయనని తెచ్చి రోడ్డు పక్కన, మురుగు కాలవ అంచున బల్ల మీద పడుకోబెట్టారు. శామియానా వేశారు. స్నానం అక్కడే చేయించారు. ఆ నీళ్ళు రోడ్డు మీదుగా పారి మా గుమ్మం ముందు నుంచి కాలవలో కలిశాయి. మోటారు సైకిళ్ళు హారన్ కొట్టుకుంటూ ఆ తడి మీద నుంచే పోయాయి.

అత్త అదంతా మంచంలోనుంచి చూసింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం నేను పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే పిలిచింది.

"అమ్మాయ్. నాకు మటుకు అట్టా రోడ్డు మీద నీళ్ళు పొయ్యబాకండే."

"ఊరుకో అత్తా. ఇప్పుడా మాటలెందుకు?"

"ఇప్పుడు పోతానన్నానా? పోయినప్పటి సంగతి చెబుతున్నా. ఆయన మగోడు, ఎట్టాగో అయిపోయింది. నేను ఆడమనిషిని. నీ మొగుడు కూడా నా మోకాలు చూసి ఎరగడు. తలుపున్న గదిలో పొయ్యండి, చాలు."

సరే అత్తా అన్నాను. ఎక్కడ పోస్తామో నాకే తెలియదు. ఆ మాట మా ఆయనకి చెబితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా పొదుపు సంఘం లీడరు షెడ్డు దగ్గరకే వచ్చింది. మా వార్డులో మునిసిపాలిటీ వాళ్ళు పెద్ద బిల్డింగు కడతారట, కమ్యూనిటీ హబ్ అంటారట, అందులో ఏమేం కావాలో జనాన్నే అడుగుతారట. ప్రతి సంఘం నుంచీ మనుషులు రావాలని చెప్పింది.

"హబ్ అంటే ఏందక్కా?" అని అడిగాను.

"హాలేనమ్మా. హాలు, పక్కన గదులు. కంప్యూటర్లు గూడా పెడతారంట. నువ్వు రా, కుర్చీ నిండాల."

గదులు అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. ఆ రోజంతా తొడిమలు తీస్తూ అదే ఆలోచించాను. మాకు ఒక్క గది కావాలి. ఒక తలుపు, ఒక నీళ్ళ కుళాయి ఉంటే చాలు. అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళు ఎవరైనా పోతే ఆ ఒక్క పూట అక్కడికి తీసుకుపోవచ్చు. అడగమంటున్నారు కదా, అడిగితే తప్పేముంది అనుకున్నాను. సగం రోజు పని మానేసి వెళ్ళాను.

మీటింగు ప్రాథమిక పాఠశాల ఆవరణలో పెట్టారు. గోడకి పెద్ద బొమ్మ కట్టారు, కట్టబోయే బిల్డింగుది. గేటు దగ్గర బల్ల మీద ఒక పెద్ద పుస్తకం తెరిచి ఉంది. ఆ పేజీ పైభాగం ఖాళీగా ఉంది.

ఇక్కడ మా సంఘం అలవాటు ఒకటి చెప్పాలి. మేం మీటింగులో కూర్చోగానే ముందు సంతకాలు పెట్టేస్తాం. పైన ఏం మాట్లాడుకున్నామో లీడరు తర్వాత ఇంటి దగ్గర కూర్చుని రాసుకుంటుంది. ఆమె రాసేదాకా కూర్చుంటే మాకు పనులు పోతాయి. ఎన్నో ఏళ్ళుగా అంతే. ఎవరికీ అనుమానం రాలేదు, ఎప్పుడూ ఏమీ కాలేదు కూడా.

బల్ల దగ్గర ఉన్న గుమస్తా పాపం చెప్పాడు. "సంతకాలు ఆఖర్న పెడుదురుగానిలేమ్మా. ముందు వెళ్ళి కూర్చోండి."

మా లీడరు ఒప్పుకోలేదు. "ఆఖరుదాకా వీళ్ళెవరు ఉంటారు బాబూ? పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినోళ్ళున్నారు. ముందే పెట్టించుకో, నీకే మంచిది."

వరసగా పెట్టాం. నా పేరు నేను తప్పు లేకుండా రాస్తాను. వెనక నిలబడ్డ ఆమె వేలిముద్ర వేస్తూ, "నీ చెయ్యి భలే తిరుగుద్దే" అంది. నాకు సంతోషం వేసింది.

ముందు దీపం వెలిగించారు. పూజారి గారు కొబ్బరికాయ కొట్టారు. తర్వాత పట్నం నుంచి వచ్చిన ఒక చిన్న వయసు మేడమ్ మైకు తీసుకుంది. ఆ బొమ్మ గీసింది తనేనట. "ఇది మీ బిల్డింగు. మీకు ఏం కావాలో మీరే చెప్పండి. మొహమాటం వద్దు" అంది. మంచిగా మాట్లాడింది. అందరికీ తలా ఒక కాయితం ఇచ్చారు, కావాల్సింది రాయమని.

జనం రాయడం కంటే అరవడమే ఎక్కువ చేశారు. ఒక కుర్రవాడు లేచి జిమ్ము కావాలన్నాడు. మిరప యార్డులో బస్తాలు మోసే ఆయన వెనక నుంచి, "జిమ్మెందుకురా? రేపు యార్డుకి రా, నాతోపాటు నాలుగు మిరప టిక్కీలు మొయ్యి. ఆ పొట్ట అదే పోద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక ముసలాయన లైబ్రరీలో ఫ్యాన్లు ఉంటాయా అని అడిగాడు. ఉంటాయన్నారు. "అయితే రోజూ వస్తా. చదవడం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆడవాళ్ళు వంటగది దగ్గర నీళ్ళు కావాలన్నారు, హాలు దిగువ అంతస్తులోనే ఉండాలన్నారు. మేడమ్ అన్నీ రాసుకుంది.

నేను కాయితం మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను. కొబ్బరికాయ కొట్టిన చోట, దీపం ఎదురుగా, చావు అనే మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. 'అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి ఒక గది' అని మాత్రం రాసి ఇచ్చాను. మేడమ్‌కి అర్థమవుతుందనుకున్నాను.

కాయితాలు ఒక్కొక్కటే మైకులో చదివారు. నాది వచ్చేసరికి చదివే అతను ఆగాడు. "అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి గది. ఇది లాడ్జి కాదండీ" అన్నాడు. మళ్ళీ నవ్వులు. మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఎవరు రాశారో కొంచెం చెప్తారా? దేనికి గది?" అని అడిగింది.

మా లీడరు నా మోచెయ్యి పట్టుకుంది. అయినా లేచాను. మైకు తెచ్చి నోటి దగ్గర పెట్టారు. నా ఊపిరి నాకే పెద్దగా వినబడింది.

"మేడమ్ గారూ, ఇంట్లో పెద్దవాళ్ళు పోతే మమ్మల్ని లోపల ఉంచనివ్వరండీ. రోడ్డు మీద పెట్టుకుంటున్నాం. స్నానం కూడా రోడ్డు మీదేనండీ. ఆడవాళ్ళకి కూడా. అందుకని ఒక గది, తలుపుది. ఒక్క పూటకండీ."

అంతే అన్నాను. తర్వాత ముందు వరస నుంచి ఒక పెద్దాయన లేచాడు.

"కాయ కొట్టి మొదలుపెట్టిన చోట ఏం మాటలమ్మా అయ్యి? శుభమా అని హాలు కట్టుకుంటుంటే."

"శవాన్ని పెట్టిన చోట రేపు నా మనవరాలికి ఓణీలు ఇయ్యాలా?" అని ఒకామె.

"ఆ గది ఉంటే ఆ హాలు ఎవుడూ తీసుకోడు సార్. గబ్బిలాలు పెంచుకోవాల" అని ఇంకొకాయన.

పూజారి గారు తల దించుకుని కొబ్బరి చిప్పలు సర్దుకున్నారు.

మేడమ్ అందరినీ కూర్చోమంది. "ఆమె అడిగింది తప్పేం కాదు. ఇంకెవరికైనా ఇది అవసరం అనిపిస్తే చేతులెత్తండి" అంది.

నేను వెనక్కి చూశాను. మా పక్క పోర్షను ఆమె మూడు వరసల వెనక కూర్చుని ఉంది. తండ్రి పోయి నెల కూడా కాలేదు. ఆమె చేతులు రెండూ పైటలో ఉన్నాయి. నా కళ్ళలోకి చూసి తల తిప్పుకుంది. తొడిమలు తీసేవాళ్ళం ఆ రోజు పది మందికి పైనే ఉన్నాం, అందరం అద్దెవాళ్ళమే. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. ఎందుకో నేను మళ్ళీ ముందుకి తిరిగినప్పుడు తెలిసింది. ముందు రెండు వరసలూ ఇంటివాళ్ళే. మా ఇంటి ఓనరు, నేను పిన్నిగారని పిలిచే ఆవిడ, రెండో వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. ఆమె వచ్చిన సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

కూర్చున్నాను. లీడరు నా చెవిలో, "ఇంటి దగ్గర అడగాల్సింది మైకులో అడుగుతారంటే?" అంది. ఇంటి దగ్గర ఎవరిని అడగాలో చెప్పలేదు.

ఇంటికి రాగానే అత్త అడిగింది. "హాలు సంగతి ఏమైంది? నా మాట చెప్పావా?"

"చెప్పానత్తా."

"ఏమన్నారు?"

"చూస్తామన్నారు."

ఆ సాయంత్రం కూరగాయల బండివాడితో, "మాకు గది వస్తందిలేరా. మా కోడలు మైకులో అడిగి వచ్చింది" అని చెబుతుంటే లోపల నేను కూర మాడబెట్టాను.

మర్నాడు పిన్నిగారు కిందకి వచ్చారు. అరవలేదు. గుమ్మం బయటే నిలబడి చిన్నగా మాట్లాడారు.

"ఎందుకమ్మాయ్ అట్టా చేశావు? ఊరందరిలో మా ఇంటి సంగతి చెప్పావు. మీ అత్తగారంటే నాకేమన్నా కోపమా? మొన్న కూడా పాలు పంపించాను."

"మీ పేరు చెప్పలేదు పిన్నిగారూ."

"చెప్పాలా? నువ్వెక్కడ ఉంటావో తెలవదా జనానికి? ఇప్పుడు మా ఆయన భయం పట్టుకుని కూర్చున్నాడు. ముసలావిడకి అంత దగ్గరకి వచ్చిందా, అందుకే అడిగిందా అని. ఉగాదికి వేరే ఇల్లు చూసుకోండమ్మా. ఈ ఒక్కటీ నా మాట వినండి."

ఇల్లు వెతికాం. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే, ఇంట్లో పెద్దవాళ్ళున్నారా అని. ఉన్నారు, మంచంలో ఉన్నారు అంటే గది తాళం తీసి చూపించేవాళ్ళు కూడా కాదు. ఒకచోట మా ఆయన, పెద్దవాళ్ళు లేరని అబద్ధం చెప్పాడు. బయటికి వచ్చి కొంత దూరం నడిచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నిజం చెప్పి వచ్చాడు. దారిలో, "అమ్మని లేదన్నానే" అన్నాడు. ఉగాది వచ్చి పోయింది. మేం కదల్లేదు, పిన్నిగారు కూడా మళ్ళీ అడగలేదు. మెట్లు దిగేటప్పుడు మాత్రం మా గుమ్మంలోకి చూసి, అత్త కళ్ళు తెరిచి ఉంటే ఊపిరి పీల్చుకుని పోయేవారు.

నాకు ఇంకా ఒక ఆశ ఉంది. హాలులో వద్దంటే వద్దు, ఆ స్థలం వెనక మూలన నాలుగు రేకులు వేసి ఇచ్చినా చాలు అని. మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఆ రోజు గేటు దగ్గర కూర్చున్న గుమస్తానే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు. నేను చెప్పిందంతా విని బీరువాలోనుంచి ఆ పెద్ద పుస్తకం తీశాడు.

"అది కుదరదమ్మా. తీర్మానం అయిపోయింది."

"ఏమని అయిపోయిందండీ?"

వేలు పెట్టి చదివి వినిపించాడు. వంటగది, నీళ్ళు, లైబ్రరీ, అన్నీ ఉన్నాయి. ఆఖరి ముక్క ఇది: భవనాన్ని, దాని ఆవరణను శుభకార్యాలకు మాత్రమే ఇవ్వవలెననియు, అశుభ కార్యక్రమాలకు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరాదనియు హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

"ఆవరణ గూడానా?"

"ఆవరణ గూడా. ముందు ఈ ముక్క లేదమ్మా. నువ్వు లేచి అడిగావు చూడు, ఆ తర్వాత పెద్దలు గట్టిగా రాయమన్నారు. లేకపోతే ఎవరికి తట్టుద్ది?"

"నేను ఒప్పుకోలేదు గదండీ."

అతను పుస్తకం నా వైపు తిప్పాడు. కింద వరసగా సంతకాలు ఉన్నాయి. నాలుగోది నాది. అక్షరాలు గుండ్రంగా, తప్పు లేకుండా ఉన్నాయి.

"ఇది నువ్వు పెట్టిందేగా?"

"నేనేనండీ. అప్పుడు పైన ఏమీ లేదు."

"అందుకే ఆఖర్న పెట్టమన్నానమ్మా ఆ రోజు" అన్నాడు. అతని మొహంలో నిజంగానే బాధ ఉంది. "నా పేరు కొట్టేయండి బాబూ" అన్నాను. కొట్టేస్తే మొత్తం పేజీ చెల్లదట, పై నుంచి అడుగుతారట. మంచినీళ్ళు ఇచ్చాడు. తాగి వచ్చేశాను. ఈ సంగతి మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

అత్త ఎండాకాలంలో పోయింది. పొద్దున గంజి పోస్తే మింగలేదు. ఊపిరి వేరే రకంగా వస్తోంది. మా ఆయన ఆ రోజు పనికి పోలేదు. పక్క పోర్షను ఆమె వచ్చి చూసి మేడ మీదకి కబురు చెప్పింది. పిన్నిగారు పరుగున వచ్చారు. అత్త కాళ్ళు తాకి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ప్రాణం ఉండగానే బయటకి తీసుకురండమ్మా. లోపల పోతే నేనేం చెయ్యలేను. నీ కాళ్ళు పట్టుకుంటా."

నాకంటే పెద్దావిడ, నిజంగానే వంగింది. నేను ఆమె చేతులు పట్టుకుని ఆపాను. మా ఆయన మంచం తలవైపు పట్టుకున్నాడు. నేను, పక్క పోర్షను ఆమె కాళ్ళ వైపు పట్టుకున్నాం. గుమ్మం దాటేటప్పుడు మంచం కోడు తలుపుకి తగిలింది. అత్త కళ్ళు తెరిచింది. ఎటు తీసుకుపోతున్నామో ఆమెకి తెలిసిందో లేదో నేను చెప్పలేను. తెలియలేదనే అనుకుంటాను. బయట ఎండ చెడ్డగా ఉంది. శామియానా వాళ్ళకి ఫోన్ చేస్తే, "పోయారా?" అని అడిగారు. ఇంకా లేదంటే, "పోయాక చెప్పండి" అన్నారు. నేను మంచం పక్కన నిలబడి పైట ఆమె మొహానికి అడ్డం పట్టుకున్నాను. అరగంట పట్టింది.

తర్వాత శామియానా వచ్చింది. కానీ బళ్ళకి సగం రోడ్డు వదలాలి కదా, శామియానా కింద చోటు చాలక స్నానానికి బల్ల దాని బయటికి జరపాల్సి వచ్చింది. పక్క పోర్షను ఆమె తన పెట్టెలోనుంచి నాలుగు చీరలు తెచ్చింది. నేను అడగలేదు. షెడ్డులో నాతో పనిచేసేవాళ్ళు కూడా వచ్చారు. మిరపకాయల ఘాటు ఇంకా వాళ్ళ చేతులకి ఉంది. చీరలు చుట్టూ గోడలాగా పట్టుకుని, మొహాలు బయటకి తిప్పి నిలబడ్డారు. మగవాళ్ళని అటు పొమ్మన్నారు. మా ఆయన రోడ్డు చివర నిలబడి బళ్ళని ఆపుతున్నాడు.

ఆ చీరల మధ్య నేను, అత్త ఉన్నాం. వేడినీళ్ళ బిందె పక్కన పెట్టారు. పసుపు ఉంది. ఆమె జాకెట్టు హుక్కులు తీయబోయి ఎందుకో పైకి చూశాను. చుట్టూ చీరలు పట్టాం గానీ పైన ఏమీ లేదు. ఎదురు మేడ మీద జనం ఉన్నారు. దాని పక్క మేడ మీద కూడా. పిట్టగోడ మీద మోచేతులు పెట్టుకుని చూస్తున్నారు. చెడ్డవాళ్ళేం కాదు, రోజూ పలకరించేవాళ్ళే.

రెండు చేతులూ పైకెత్తి వాళ్ళకి దణ్ణం పెట్టాను. కొందరు లోపలికి వెళ్ళారు. కొందరు వెళ్ళలేదు. ఇంకాసేపు చేతులు అలాగే ఉంచి చూశాను. నీళ్ళు చల్లారిపోతున్నాయని బయట నుంచి ఎవరో అన్నారు. చెంబు ముంచాను.